2010–19లో ఉత్తమ విదేశీ చిత్రం: ‘పారసైట్’కు అంత తేలిగ్గా కిరీటం పెట్టేద్దామా?

రెండో ఆట:
2010 నుంచి 2019 దాకా వచ్చిన విదేశీ చిత్రాల్లో ఏది గొప్పదని ఎవరిని అడిగినా తడుముకోకుండా కొరియా సినిమా ‘పారసైట్’ అంటున్నారు. 2019లో కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి పామ్ దోర్, మరుసటి ఫిబ్రవరిలో నాలుగు ఆస్కార్లు, ఇంగ్లిషు కాని సినిమా ఉత్తమ చిత్రంగా నిలవడం అదే మొదలు. కాదనను. కానీ బహుమతులు లెక్కపెట్టి తేల్చేదైతే మనం వాదించుకోవడం దేనికి? నా ఓటు అస్గర్ ఫర్హాదీ తీసిన ఇరాన్ చిత్రం ‘ఎ సెపరేషన్’ (2011)కు. హాలీవుడ్ సినిమాలను దయచేసి ఇందులోకి లాగకండి. వాటి గురించి మాట్లాడుకోవడానికి చోట్లకేం కొదవ లేదు.

మలుపులు విప్పకుండా వాదించడం కుదరదు కాబట్టి చూడనివారు చూసి రండి. టెహ్రాన్‌లో మధ్యతరగతి దంపతులు. దేశం విడిచి వెళ్దామంటుంది సిమిన్. ఆల్జీమర్స్ వచ్చిన తండ్రిని వదిలి రానంటాడు నాదెర్. తొలి దృశ్యంలో ఇద్దరూ జడ్జి ఎదుట కూర్చుని విడాకుల గురించి వాదించుకుంటారు. జడ్జి గొంతు వినిపిస్తుంది, మనిషి కనిపించడు. ఆయన కుర్చీలో కెమెరా ఉంది, అంటే మనమే ఉన్నాం. ఇక అక్కడి నుంచి మనం ఇచ్చిన ప్రతి తీర్పునూ పావుగంట తిరక్కుండా మనమే కొట్టేసుకోవలసి వస్తుంది.

ముసలాయనను చూసుకోవడానికి రజియే అనే గర్భవతి పనికి కుదురుతుంది. భర్తకు ఉద్యోగం లేదు, అప్పులవాళ్లు వదలరు. ఒకరోజు ముసలాయన బట్టలు పాడుచేసుకుంటే, పరాయి మగవాడి బట్టలు మార్చడం పాపమవుతుందా అని ఆమె ఫోన్ చేసి మతపెద్దలను అడుగుతుంది. కూలి డబ్బు అవసరం ఒకవైపు, దేవుడి భయం ఒకవైపు. ఆ ఒక్క ఫోన్‌తో ఆమె ఎవరో మనకు పూర్తిగా తెలిసిపోతుంది. ‘పారసైట్’లోనూ ప్రతి మెట్టుకూ ఒక అర్థం ఉంది గానీ, దర్శకుడు దాన్ని మనకు చూపించి, గమనించామో లేదో మళ్లీ ఒకసారి సరిచూసుకుంటాడు.

నేల టికెట్టు:
చూపించడం సినిమాలో తప్పెప్పుడైంది స్వామీ? ‘పారసైట్’లో వానరాత్రి గుర్తు చేసుకోండి. ధనవంతుల ఇంట్లో పనికి కుదిరిన పేద కుటుంబం, యజమాని బంగళా నుంచి పారిపోయి మెట్లు దిగుతూనే ఉంటుంది. దిగి దిగి, మురుగునీట మునిగిన తమ సగం నేలమాళిగ ఇంటికి చేరుతుంది. మర్నాడు యజమానురాలు కారు వెనుక సీట్లో కూర్చుని, వాన పడి గాలి శుభ్రమైందని ఫోన్లో మురిసిపోతూ, మధ్యలో వాసన సోకి కారు అద్దం దించుతుంది. ముందు సీట్లో డ్రైవర్, ఆ పేద కుటుంబం తండ్రి, రాత్రంతా వ్యాయామశాల నేల మీద పడుకుని వచ్చినవాడు. అతని నోట ఒక్క మాట రాదు. వర్గభేదం మీద మన సినిమాలు పేజీలకు పేజీలు డైలాగులు రాసుకున్నాయి. ఆ పని దర్శకుడు బోంగ్ జూన్ హో ఒక వాసనతో చేశాడు, అదీ తెర మీద చూపించడానికే వీలులేని వాసనతో. మరి ‘చూపించి చెబుతాడు’ అన్న ఆరోపణ ఎలా నిలుస్తుంది?

ఇంకో మాట. విమర్శకులు మెచ్చిందే గొప్పదా? ఫ్రెంచి సినిమా ‘ది ఇన్‌టచబుల్స్’ (2011)కు ఒక్క ఫ్రాన్స్‌లోనే 1 కోటి 90 లక్షలకు పైగా టికెట్లు తెగాయి. మన దగ్గర అదే ‘ఊపిరి’ (2016) అయింది. కొరియా ‘మిస్ గ్రానీ’ (2014) మనకు ‘ఓ బేబీ’ (2019) అయింది. ఇంకో దేశంలో, ఇంకో భాషలో మళ్లీ ప్రాణం పోసుకోగల కథకు విలువ లేదా? మీ ఫర్హాదీ సినిమాను తెలుగులో తీస్తే రెండో రోజుకు ఎవరుంటారో చూద్దాం.

గోదారి గట్టు:
మగమహారాజులిద్దరికీ నమస్కారం. ‘ఓ బేబీ’ తీసిన నందినీ రెడ్డిని పక్కన పెడితే, మీరు ఎత్తిన సినిమాల్లో ఆడవాళ్లు తీసినది ఒక్కటైనా ఉందా? మారెన్ ఆడే ‘టోనీ ఎర్డ్‌మన్’ (2016), నదీన్ లబాకీ ‘కెపర్నాం’ (2018) మీ కంట పడనేలేదా?

నా ఓటు సెలీన్ సియామా ‘పోర్ట్రెయిట్ ఆఫ్ ఎ లేడీ ఆన్ ఫైర్’ (2019)కు. ప్రేమకథ కనుక దాని గురించి చెప్పేవాళ్లంతా ప్రేమ గురించే చెబుతారు. నేను వేరే దృశ్యం చెబుతాను. 18వ శతాబ్దపు ఫ్రాన్స్. పనిపిల్ల సోఫీకి గర్భస్రావం చేస్తున్నారు. ఆ మంచం మీదే, ఆమె పక్కనే ఒక పసిబిడ్డ ఆడుకుంటూ ఆమె చేతిని అందుకుంటుంది. చిత్రకారిణి మరియాన్ చూడలేక ముఖం తిప్పుకుంటే, చూడమంటుంది ఎలోయీజ్, మరియాన్ ఎవరి బొమ్మ వేయడానికి వచ్చిందో ఆ అమ్మాయి. రాత్రి ఇంటికి వచ్చాక అదే దృశ్యాన్ని ముగ్గురూ మళ్లీ అభినయించి బొమ్మ వేస్తారు. రాజులూ యుద్ధాలూ నిండిన చిత్రశాలల్లో ఏ బొమ్మలు లేవో ఆ ఒక్క దృశ్యంలో తెలిసిపోతుంది. ఎక్కడా గొంతు పెంచదు. నేపథ్య సంగీతమూ దాదాపు లేదు.

డాలస్ బాటసారి:
మెక్సికో సినిమా ‘రోమా’ (2018) ఊసే లేదేమిటి? వెనిస్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి గోల్డెన్ లయన్, దర్శకత్వానికి, ఛాయాగ్రహణానికి, విదేశీ చిత్రానికి కలిపి మూడు ఆస్కార్లు. 1971 నాటి మెక్సికో నగరంలో విద్యార్థుల ఊచకోతను ఉయ్యాల కొనడానికి వెళ్లిన గర్భిణి పనమ్మాయి ఫర్నిచర్ దుకాణం కిటికీలోంచి చూడటం కన్నా పెద్ద దృశ్యం ఈ పదేళ్లలో ఎవరు తీశారు?

రెండో ఆట:
బాటసారి గారూ, ఆ దృశ్యానికి దండం పెడతాను. కానీ ‘రోమా’ ఆసాంతం ఆ పనమ్మాయి క్లియోను ఇంటి పిల్లవాడు పెద్దయ్యాక ప్రేమగా తలుచుకున్నట్లే ఉంటుంది. ఈత రాకపోయినా సముద్రంలోకి నడిచి పిల్లల్ని కాపాడుతుంది, అందరూ కావలించుకుంటారు, ఇల్లు చేరగానే మళ్లీ బట్టల మూటతో మేడ మెట్లెక్కుతుంది. ఆమెకు ఆ ఇంటి మీద ఒక్కసారైనా కోపం వచ్చిందా? రజియేకు వస్తుంది, ఆమె భర్తకు ఇంకా ఎక్కువ వస్తుంది. ఆ కోపం న్యాయమేనని మనకూ అనిపిస్తుంది.

గోదారి గట్టు గారూ, మీ మందలింపు న్యాయమే. ‘పోర్ట్రెయిట్’ నా జాబితాలో రెండోది.

నేల టికెట్టు గారికి ఒక దృశ్యం. పెట్రోలు బంకులో నాదెర్ కూతురు తెర్మే చేత పెట్రోలు పోయిస్తాడు. బంకు మనిషి చిల్లరలో టిప్పు మినహాయించుకుంటాడు. పోసింది నువ్వైతే టిప్పు అతనికెందుకు, వెళ్లి అడుగు అని కూతుర్ని వెనక్కి పంపుతాడు. కారు అద్దంలోంచి గమనిస్తూ కూర్చుంటాడు. ఆ పిల్ల తిరిగి తెస్తే, ఆ డబ్బు నీదే ఉంచుకో అంటాడు. అక్కడ నాకు అతను ఎంతో నచ్చాడు. నిజం కోసం నిలబడటం నేర్పిన ఆ తండ్రిని కాపాడటానికే అదే కూతురు తర్వాత జడ్జి ముందు అబద్ధమాడుతుంది. ‘పారసైట్’లో వాసన పట్టేవాళ్లెవరో, వాసన వచ్చేవాళ్లెవరో మనకు మొదటి నుంచీ తెలుసు. ఇక్కడ తెలియదు.

నేల టికెట్టు:
పెట్రోలు బంకుకు వంద మార్కులు. కానీ ఆ సినిమాలో ఒక మోసం ఉంది, దాన్ని ఎవరూ అడగరు. ముసలాయన ఇంట్లోంచి తప్పిపోయినప్పుడు రజియే వెతుకుతూ రోడ్డు దాటబోతుంది. అక్కడే కత్తిరించి వేరే దృశ్యంలోకి వెళ్లిపోయారు. ఆమెను కారు గుద్దిందని చివర్లో గానీ తెలియదు. గర్భం పోవడానికి గొడవలో నాదెర్ ఆమెను తోయడమే కారణమా, ఆ కారా అన్నదే కథంతా. ఆ ముక్క దాచిపెట్టి, మనల్ని జడ్జి కుర్చీలో కూర్చోబెట్టడం ఏం న్యాయం? సాక్ష్యం దాచింది పాత్ర కాదు, దర్శకుడు. బోంగ్ కనీసం ఆ బంగళా అడుగున దాగిన నేలమాళిగ తలుపును మనకు సగం సినిమాకే తెరిచి చూపించాడు.

రెండో ఆట:
దాచాడు, ఒప్పుకుంటాను. అయితే తెర మీద ఉన్నవాళ్లు ఒకరి దగ్గర ఒకరు ఏది దాచుకున్నారో అదే మన దగ్గరా దాచాడు. రజియే ఆ సంగతి భర్తకు చెప్పలేదు, జడ్జికి చెప్పలేదు. మనకు మాత్రం ముందే ఎందుకు చెప్పాలి? పైగా చివర్లో బయటపడేది పోలీసు దర్యాప్తులో కాదు. పరిహారం డబ్బు ఇచ్చేముందు ఖురాన్ మీద ప్రమాణం చేయమంటాడు నాదెర్, చేయలేకపోతుంది ఆమె. మొదట్లో ఫోన్ చేసి పాపమా అని అడిగిన మనిషి అక్కడ ఇంకెలా ప్రవర్తిస్తుంది?

గోదారి గట్టు:
ఆ వాదన నాకు నచ్చింది గానీ, రెండో స్థానం నచ్చలేదు. ‘పోర్ట్రెయిట్’ ఎందుకు మొదటిది కాదో మీరింకా చెప్పలేదు. రేపటిలోగా చెప్పండి. లేకపోతే నేల టికెట్టు గారితో కలిసి ‘పారసైట్’కు ఓటేస్తాను.