అప్‌డేట్: డిస్నీ వరల్డ్‌కి ఇద్దరు పిల్లలతో ఏ స్ట్రోలర్? తేలిపోయింది

భీమవరం నుంచి అమెరికాలోని ఓర్లాండోకి, డిస్నీ వరల్డ్ పార్కులు చూడ్డానికి వెళ్తున్నాం, నాలుగేళ్ల పాప, ఏడాదిన్నర బాబు, ఏ స్ట్రోలర్ (పిల్లల్ని కూర్చోబెట్టి తోసే బండి) తీసుకోవాలని ఇక్కడ అడిగాను కదా. వెళ్లొచ్చాం. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్.

పక్కపక్కన ఇద్దరు కూర్చునే డబుల్ స్ట్రోలర్‌ని అక్కడే పార్కు బయట అద్దెకు తీసుకోమన్న సలహా పనిచేసింది. డిస్నీలో వెడల్పు 31 అంగుళాలు, పొడవు 52 అంగుళాలు మించకూడదు. మాది ఆ లోపే, ఎక్కడా ఆపలేదు. మా బావగారు వ్యాగన్ (పిల్లల్ని కూర్చోబెట్టి లాక్కెళ్లే బండి) అన్నారు గానీ, వాటిని 2019 మే నుంచే రానివ్వట్లేదు. పార్కులోనూ అద్దెకిస్తారు, కాకపోతే గేటు దాటించకూడదు. రాత్రి నిద్రపోయిన పిల్లల్ని బస్సు దాకా మోయాల్సింది మనమే.

అసలు చూడాల్సింది మడత. డిస్నీ బస్సు ఎక్కేముందు స్ట్రోలర్ మడవాలి. చంకలో పిల్లాడు, భుజాన బ్యాగు, వెనక క్యూ. ఒంటిచేత్తో మడతపడకపోతే చెమటలే! వాన కవర్ కూడా ఉండాలి, అక్కడ వేసవి మధ్యాహ్నాలు వాన కుమ్మేస్తుంది.

ఇంకోటి, రైడ్ దగ్గర వదిలిన స్ట్రోలర్‌ని సిబ్బంది వేరే వరసలోకి జరిపేస్తారు. మొదటిసారి ఎవరో పట్టుకెళ్లారని టెన్షన్ పడ్డాం. అత్తయ్యగారు హ్యాండిల్‌కి నర్సాపురం లేసు ముక్క కట్టాక దూరం నుంచే దొరికేది.

స్ట్రోలర్‌కి గాలి టైర్లు ఉండాలా అన్న చర్చ అనవసరం, దారులు నున్నగా ఉన్నాయి. పాప ఎక్కదేమోనన్న బెంగ కూడా అంతే. ఇక్కడ కాలువ గట్టు మీద ఆగకుండా పరిగెత్తే పిల్ల, అక్కడ తమ్ముడి కంటే ముందే ఎక్కి కూర్చునేది.