గ్రీన్ ఫీజు మొదట దేనికి: మెస్ కంపోస్టుకా, కరెంటు ఆదాకా? (మారుపేర్లతో చర్చ)

ఎండుటాకు:
క్యాంపస్‌లో పర్యావరణ పనుల కోసం విద్యార్థులు ఓటేసి ఒప్పుకున్న గ్రీన్ ఫీజులో మొదటి పనికి రెండు ప్రతిపాదనలు మిగిలాయి. ఒకటి, మెస్‌లో రోజూ మిగిలే 100 కిలోల తడి చెత్తను క్యాంపస్‌లోనే కంపోస్టు చేయడం. రెండు, వరండాల్లోని 500 పాత ట్యూబ్‌లైట్లు తీసి ఎల్‌ఈడీలు వేయడం. నా ఓటు కంపోస్టుకే.

లెక్క చూడండి. తిండి మిగులులో నీళ్లే 75 శాతం. కార్బన్–నైట్రోజన్ నిష్పత్తి (ఒక పాలు నైట్రోజన్‌కు ఎన్ని పాళ్లు కార్బన్) 15 దగ్గర ఉంటుంది, అంటే నైట్రోజన్ ఎక్కువ. అది ఒక్కటే కుప్ప పోస్తే కంపు తప్పదు. 15 శాతం తేమ, 55 నిష్పత్తి ఉన్న ఎండుటాకులు 50 కిలోలు కలపండి. మొత్తం 150 కిలోల్లో తేమ 55 శాతానికి, నిష్పత్తి 28కి వస్తాయి. కుప్పకు కావలసింది అదే. ఘనపు మీటరుకు తగ్గకుండా పోస్తే కొద్ది రోజుల్లోనే లోపల 55 డిగ్రీలు దాటుతుంది. వారానికి రెండుసార్లు తిప్పుతూ నాలుగు వారాలు, ఆపైన మాగడానికి ఇంకో నాలుగు వారాలు.

మీటర్ రీడింగ్:
ముందు లైట్లు. పాత 40 వాట్ల ట్యూబు చోక్‌తో కలిపి 50 దాకా లాగుతుంది, ఎల్‌ఈడీ 20. తేడా 30 వాట్లు. రోజుకు 10 గంటలు, 500 లైట్లు, 365 రోజులు: ఏటా 54,750 యూనిట్లు. ఆ ఆదాను నిధికే జమ చేయించుకుంటే తర్వాతి పనులకు మళ్లీ ఫీజు పెంచక్కర్లేదు. హార్వర్డ్‌లాంటి చోట్ల నడిచిన రివాల్వింగ్ ఫండ్ పద్ధతి ఇదే: నిధి అప్పు ఇస్తుంది, తగ్గిన బిల్లు ఆ అప్పు తీరుస్తుంది.

నీలిడబ్బా:
24 గంటల్లో ఎరువు చేసే యంత్రం కొంటే ఈ గొడవే ఉండదు కదా?

ఎండుటాకు:
వాటిలో చాలావరకు చేసేది వేడిచేసి ఆరబెట్టి పొడి చేయడమే. అది మాగిన ఎరువు కాదు. మొక్క మొదట్లో వేసి నీళ్లు పోస్తే మళ్లీ కుళ్లడం మొదలవుతుంది, బూజు పడుతుంది. పైగా కరెంటు బాగా తింటాయి.

మీటర్ రీడింగ్:
ఎండుటాకు గారూ, ఆ 50 కిలోల ఆకులు రోజూ ఎక్కడి నుంచి తెస్తారు? మెస్ ఏటా 250 రోజులు నడిస్తే 12.5 టన్నులు. వదులుగా పోస్తే ఘనపు మీటరుకు 75 కిలోలే పడతాయి, అంటే 167 ఘనపు మీటర్ల చోటు. ఆకు రాలేది ఒక్క కాలంలో, చెత్త వచ్చేది రోజూ. ఆకు అయిపోయి 20 కిలోలే వేసిన రోజు తేమ 65 శాతానికి చేరుతుంది. గాలి సందులు నీటితో నిండిపోతాయి, ఆ వెంటనే పులిసిన కంపు, ఈగలు.

ఎండుటాకు:
తురిమితే చోటు మూడో వంతుకు వస్తుంది. పైన రేకు, కింద పలకలు చాలు. వడ్రంగి చెక్కల తురుము కూడా వాడొచ్చు, కాకపోతే దాని నిష్పత్తి వందల్లో ఉంటుంది కాబట్టి కొంచెమే వేయాలి.

మీటర్ రీడింగ్:
తురిమే యంత్రం మీ అంచనాలో లేదు. టన్నులకొద్దీ ఎండుటాకు నిల్వచేస్తే నిప్పు భయం ఉంటుంది, అదీ లేదు. ఆకుల సంగతి తేలకుండా ముందుకు పోలేం.

వానచుక్క:
లైట్లు మార్చకముందే వాటి కరెంటును విడిగా కొలిచే సబ్‌మీటర్ పెట్టి కనీసం నెల రోజులు కొలవండి. సెలవుల నెలను పరీక్షల నెలతో పోల్చి ఆదా అని చూపిస్తే ఒక్కరూ నమ్మరు.

ఎండుటాకు:
ఆకులు, ఆకులు, ఆకులు! అసలు మాట చెప్తాను. వరండాలో లైటు వేయడం యాజమాన్యం పని. బిల్లు వాళ్లది, తగ్గితే లాభమూ వాళ్లదే. దానికి విద్యార్థి ఫీజు ఎందుకు కట్టాలి? ఆదా నిధికి జమ అవుతుందన్న రాత ఎక్కడుంది? ఇవాళ లైట్లు అంటారు, రేపు పంపులు, ఎల్లుండి పైకప్పు మరమ్మతులు. గ్రీన్ ఫీజు కాస్తా నిర్వహణ ఖర్చు అయిపోతుంది.

మీటర్ రీడింగ్:
సరే, నేనూ అసలు మాటే అడుగుతాను. ఆ కుప్ప తిప్పేదెవరు? మీ నాలుగు పేజీల ప్రతిపాదనలో “తిప్పాలి” అని ఆరు చోట్ల ఉంది, ఎవరు తిప్పాలో ఒక్కచోటా లేదు. ప్రారంభించిన బ్యాచ్ డిగ్రీ పట్టుకుని వెళ్లిపోతుంది. చివరికి ఆ పని పారిశుద్ధ్య సిబ్బంది నెత్తిన పడుతుంది. వాళ్లను అడిగారా?

అంట్లగది:
ఆ శ్రమ ఎంతో లెక్క కట్టి మాట్లాడండి. ఒక్కో రోజు సరుకును నాలుగు వారాల్లో 8 సార్లు తిప్పాలి. కుళ్లేకొద్దీ తగ్గే బరువు తీసేసి సగటున 100 కిలోలు అనుకున్నా, కంపోస్టు పని నిండా నడిచేటప్పుడు రోజుకు 800 కిలోలు పారతో ఎత్తిపోయడమే. ఇది ఊడ్చే పని మధ్యలో చేసేది కాదు. దానికి మనిషి కావాలి, జీతం కావాలి, చేతి తొడుగులు, మాస్కు కావాలి. ఆకుల దుమ్ములో బూజు రేణువులుంటాయి. అందులోంచి చెంచాలు, ప్లాస్టిక్ కవర్లు ఏరాల్సిందీ ఆ మనిషే.

ఎండుటాకు:
అంట్లగది గారు చెప్పింది నిజం, ప్రతిపాదనలో అది లోపమే. తిప్పడం తగ్గించే దారి ఉంది: అడుగున చిల్లులు పెట్టిన పీవీసీ గొట్టాలు పరిచి, పైన చెక్క ముక్కల పొర వేసి, వాటిలోకి గాలి ఊదే బ్లోయర్‌ను టైమర్ మీద నడపాలి. అప్పుడు వారానికోసారి తిప్పితే చాలు. చిల్లులు కిందివైపే ఉండాలి, లేదంటే పూడుకుపోతాయి. తిప్పే మనిషి జీతం మూడేళ్లకు ముందే పక్కన పెడదాం. దాన్ని కొత్త అంచనాలో చేరుస్తాను.

లైట్ల మీద మాత్రం నా మాట మారదు.

మీటర్ రీడింగ్:
జీతం మాత్రం విద్యార్థి డబ్బుతో ఇవ్వొచ్చా? చెత్త ఎత్తించడమూ యాజమాన్యం పనే కదా. లైట్లకొక నియమం, కుప్పకొకటా?

ఎండుటాకు:
చెత్త బయటికి పంపడం వాళ్ల పని. ఇక్కడే మట్టిగా మార్చాలని అడుగుతున్నది మనం. అడిగినవాళ్లే కట్టాలి.

మీటర్ రీడింగ్:
అయితే ఎల్‌ఈడీ అడుగుతున్నదీ మనమే. వాళ్లు పాత ట్యూబులతో సుఖంగానే ఉన్నారు.

నీలిడబ్బా:
సెలవుల్లో మెస్ మూస్తే కుప్ప సంగతేంటి?

అంట్లగది:
మూసే రోజు దాకా పోసింది నాలుగు వారాలు తిప్పి మాగబెట్టాలి. మెస్ మూసినా ఆ మనిషికి నెల పని ఉంటుంది. ఆ నెల జీతం కూడా రాయండి.