ఫాంగ్ నా అఖాతంలోని సముద్ర గుహల్లోకి వెళ్ళే కయాక్‌ల సంఖ్యకు హద్దు పెట్టాలా?

మడచెట్టు (కాకినాడ)

గత జనవరిలో అమ్మను, అన్నయ్య కుటుంబాన్ని తీసుకుని ఫుకెట్ వెళ్ళి వచ్చాను. 2023 నవంబరులో థాయిలాండ్ మనవారికి వీసా అవసరం తీసేసినప్పటి నుంచి మా వీధిలోనే నాలుగు కుటుంబాలు వెళ్ళి వచ్చాయి. అందువల్ల ఈ ప్రశ్న ఇక్కడ చాలామందికి సంబంధించినదే అనుకుంటున్నాను.

వెళ్ళని వారి కోసం రెండు మాటలు చెబుతాను. ఫుకెట్ పక్కనే ఉన్న ఫాంగ్ నా అఖాతంలో సున్నపురాయి దీవులు నీటిలోంచి నిటారుగా లేచి ఉంటాయి. వాటిలో కొన్నింటి కడుపులో 'హాంగ్'లు ఉన్నాయి. థాయి భాషలో హాంగ్ అంటే గది. ఒకప్పుడు గుహగా ఉన్న చోట పైకప్పు కూలిపోయి, చుట్టూ కొండగోడలు, పైన ఆకాశం, అడుగున ఉప్పునీరు, అందులో మడచెట్లు మిగిలాయి. లోపలికి దారి దీవి గోడ కింద ఉన్న సొరంగమే. అది కూడా రోజంతా తెరిచి ఉండదు. పోటు పెరిగితే సొరంగం పైకప్పు తలకు తగులుతుంది, పాటు దిగిపోతే పడవ బురదలో కూరుకుపోతుంది. ఆ రెండింటి మధ్య దొరికే కొద్ది సమయంలోనే కయాక్ అనే చిన్న తెడ్డు పడవలో వెళ్ళి రావాలి.

మా గైడు వెనక కూర్చుని తెడ్డు వేశాడు. సొరంగం ఇరుకైన చోట మమ్మల్ని వెల్లకిలా పడుకోమని చెప్పి, గాలితో నింపిన ఆ పడవ మూత వదులు చేసి కాస్త గాలి తీసేశాడు. పడవ కొద్దిగా కుంగింది. పైకప్పుకు కరిచిపట్టుకున్న ఆల్చిప్పల పదునైన అంచులు అమ్మ ముఖానికి జానెడు ఎత్తులో నెమ్మదిగా వెనక్కి జరుగుతున్నాయి. ఆమె కళ్ళు మూసుకోలేదు, నా చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకుంది. సరిగ్గా అక్కడ ముందున్న పడవ ఆగిపోయింది. దాని ముందు మరొకటి, దాని ముందు ఇంకొకటి. పదకొండు పడవలు లెక్కపెట్టాను. ఎవరో స్పీకరులో పాట పెట్టారు, ఎవరో గోడ మీద చేతులు ఆనించి పడవను వెనక్కి నెడుతున్నారు. చివరికి లోపలికి చేరాక ఆ చిన్న మడుగులో పడవకు పడవ తగులుతూనే ఉంది.

నా వాదన ఇది: ఒక్కో హాంగ్‌లోకి ఒక్కో పోటుకు ఇన్ని పడవలే వెళ్ళాలని జాతీయ ఉద్యానవనం వారు సంఖ్య నిర్ణయించి, దాన్ని సొరంగం ముఖద్వారం దగ్గరే అమలు చేయాలి. ఆ హద్దు వల్ల నాకూ మా అమ్మకూ అవకాశం దొరక్కపోయినా సరే, అదే న్యాయమని నమ్ముతున్నాను.

ప్రయాణాల పని (హైదరాబాద్)

మడచెట్టు గారూ, మీకు కలిగిన ఇబ్బంది నాకు అర్థమైంది. పదేళ్ళుగా థాయిలాండ్ ప్యాకేజీలు కుదురుస్తున్నాను కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. పడవల సంఖ్యను సగానికి తగ్గిస్తే మిగిలిన సగం చోటు ఎవరికి దక్కుతుంది? ముందుగా, ఎక్కువ ధరకు కొనగలిగిన వారికే దక్కుతుంది. నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది జీవితంలో మొదటిసారి పాస్‌పోర్టు తీసుకున్నవారు. ఉపాధ్యాయ దంపతులు, చిన్న దుకాణాలవారు, పిల్లలు పంపిన డబ్బుతో వచ్చే తల్లిదండ్రులు ఉంటారు. ధర రెట్టింపైతే వారి జాబితాలోంచి మొదట కొట్టివేసేది ఈ కయాక్ యాత్రనే.

రద్దీ కూడా ఎవరో కావాలని చేసినది కాదు. పోటు అందరికీ ఒకటే, సొరంగం తెరుచుకునే సమయం అందరికీ ఒకటే. అందుకే అందరూ ఒకేసారి అక్కడికి చేరుతారు. సముద్రం పెట్టిన నియమానికి పర్యాటకుడిని తప్పుపట్టడం నాకు సబబుగా తోచడం లేదు.

సున్నపురాయి (విశాఖపట్నం)

నేను భూవిజ్ఞానం బోధించి పదవీ విరమణ చేసినవాడిని. ఈ చర్చలో ఒక విషయం స్పష్టం చేయడం అవసరమనిపించింది. పడవల సంఖ్య వల్ల రాయి అరిగిపోదు. నష్టం చేసేవి మనుషుల చేతులు, కాళ్ళు.

సున్నపురాయి గుహల్లో పైనుంచి దిగే నీరు తనతో తెచ్చిన కాల్షియం కార్బనేటును వదిలిపెడుతూ పోవడం వల్ల ఊడల్లాంటి రాతి రూపాలు ఏర్పడతాయి. వాటి ఎదుగుదల సగటున ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు ఉంటుందని పుస్తకాల్లో చెబుతారు. తడిగా, ఇంకా పెరుగుతున్న రాయిని ఒక్కసారి అరచేతితో తాకితే చర్మం మీది నూనె అక్కడ అంటుకుంటుంది. తర్వాత వచ్చే నీరు ఆ చోట పట్టు దొరకక జారిపోతుంది, పెరుగుదల అక్కడితో ఆగిపోతుంది. మన బొర్రా గుహల్లో చేతికి అందే ఎత్తులో ఉన్న రాతిని, అందని ఎత్తులో ఉన్న రాతిని పక్కపక్కన చూడండి. కిందిది నల్లబడి నునుపుదేలి ఉంటుంది, పైది ఇంకా తెల్లగా, తడిగా మెరుస్తుంది. నా విద్యార్థులను ఏటా అక్కడికి తీసుకువెళ్ళి ఆ గీతను చూపించేవాడిని, అక్కడ ఉపన్యాసం అవసరం ఉండేది కాదు.

మరో సంగతి ఉంది. ఫాంగ్ నా గుహల్లో గూళ్ళు కట్టే పక్షులు తమ లాలాజలంతోనే గూడు అల్లుతాయి. కటిక చీకటిలో టక్‌టక్‌మని ధ్వని చేసి, దాని ప్రతిధ్వనిని బట్టి దారి వెతుక్కుంటాయి. ఆ గూళ్ళకు చైనా వంటకాల్లో చాలా విలువ ఉండటంతో వాటిని సేకరించే హక్కును థాయి ప్రభుత్వం గుత్తకు ఇస్తుంది. 1990ల చివరలో ఆ గుత్తదారులు కయాక్ యాత్రల వారి నుంచి ప్రవేశ రుసుము అడగడంతో పెద్ద వివాదమే నడిచింది. కాబట్టి లోపలికి ఎవరు రావాలనే తగవు అక్కడ కొత్తది కాదు. శబ్దాన్ని ఆధారం చేసుకుని ఎగిరే పక్షి ఇంట్లో స్పీకరు పెట్టడం నా దృష్టిలో పదకొండు పడవల కంటే పెద్ద తప్పు.

పోర్చుగల్‌లోని బెనగిల్ గుహను గమనించండి. 2024లో అక్కడి అధికారులు గుహలోని ఇసుక మీద దిగడాన్ని, ఈదుతూ లోపలికి రావడాన్ని నిషేధించారు, గైడు లేకుండా కయాక్‌లు అద్దెకు ఇవ్వకూడదన్నారు. మనిషి లోపల ఏమి చేయవచ్చు, ఏమి చేయకూడదు అన్నదాన్ని ముందు తేల్చారన్నమాట. ఫాంగ్ నాలోనూ పడవ దిగకూడదు, గోడను తాకకూడదు, మాట్లాడకూడదు అని నియమం పెట్టి, అది తప్పిన గైడు అనుమతి రద్దు చేస్తే సంఖ్య గురించి ఇంత ఆలోచించవలసిన పని ఉండదు.

తీరం దాటి (ఫుకెట్)

ఇచ్ఛాపురం మాది. ఇక్కడి ఒక హోటల్లో ఆరేళ్ళుగా వంటవాడిగా ఉన్నాను. పెద్దలు మాట్లాడుతున్న చోట ఒక్క విషయం చెబుతాను. మీ వెనక కూర్చుని తెడ్డు వేసే వారిలో చాలామంది ఈ అఖాతం చుట్టుపక్కల మత్స్యకార గ్రామాల కుర్రవాళ్ళు. కరోనా రోజుల్లో పర్యాటకులు ఆగిపోయినప్పుడు మా హోటల్ వెనక గేటు దగ్గర చేపలు అమ్ముకున్న గైడులను నేను చూశాను. అందులో ఒకతను అంతకు ముందు మా అతిథులను రోజూ తీసుకువెళ్ళేవాడు. సంఖ్య తగ్గించమని చెప్పేటప్పుడు, తగ్గేది పడవలు మాత్రమే కాదని, ఆ పడవ వెనక కూర్చునే మనిషి కూలి కూడా అని గుర్తుంచుకోవాలి.

అయినా హద్దు పెడితే ఇక్కడి వారు బతకలేరని కూడా నేను అనను. పక్కనే ఉన్న ఫీ ఫీ దీవుల్లో మాయా తీరాన్ని 2018 జూన్‌లో మూసేశారు. మళ్ళీ తెరిచింది 2022 జనవరిలో. అప్పటి నుంచి పడవలు ఆ వంపులోకి రాకూడదు, వెనక వైపు రేవులో దింపి నడిపించి తీసుకురావాలి, ఒకేసారి ఇంతమందే అని లెక్క ఉంది. పగడాలు మళ్ళీ నాటారు, నల్లమొన రెక్కల సొరచేపలు ఒడ్డు దాకా తిరిగి వచ్చాయి. పడవల వారు మొదట గగ్గోలు పెట్టారు, ఇప్పుడు ఆ సొరచేపలను చూపించే టూర్లు అమ్ముతున్నారు.

మడచెట్టు (కాకినాడ)

ముగ్గురికీ వేరువేరుగా జవాబు చెప్పాలి.

సున్నపురాయి గారూ, బొర్రా గుహల్లో మీరు చెప్పిన ఆ గీతను నేనూ చూశాను, ఇన్నాళ్ళూ అది దీపాల పొగ అనుకున్నాను. మీ మాటను గౌరవిస్తూనే ఒక ప్రశ్న అడుగుతాను. సొరంగంలో పదకొండు పడవలు ఇరుక్కున్నప్పుడు గోడను తాకకుండా ఉండటం ఎవరి వల్ల అవుతుంది? నేను చూసిన ఆ చెయ్యి అల్లరి పిల్లవాడిది కాదు, వెనక పడవ తన తలను గుద్దకుండా ఆపుకుంటున్న పెద్దాయనది. రద్దీయే చేతిని గోడ మీదికి తోస్తుంది. ప్రవర్తన నియమం కావాలి, కాని సంఖ్య తగ్గకుండా ఆ నియమం కాగితం మీదే ఉండిపోతుంది.

ప్రయాణాల పని గారూ, పోటు అందరికీ ఒకటేనన్న మాట నిజమే. కాని అది రోజుకు రెండుసార్లు వస్తుంది, ప్రతి రోజూ ముందు రోజు కంటే సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. మా కోరంగిలో మడ అడవి ఏరులోకి వల తీసుకువెళ్ళే వాళ్ళెవరైనా గడియారం చూసి బయలుదేరరు, పోటు చూసి బయలుదేరుతారు. మా టూరు బస్సు మాత్రం హోటల్ దగ్గరకు రోజూ ఉదయం ఎనిమిదింటికే వస్తుంది, మధ్యాహ్నం భోజనం రోజూ అదే రేవులో ఉంటుంది. పోటు ఎప్పుడున్నా బస్సు వేళ మారదు. అంటే సొరంగం తెరిచి ఉండే సమయంలో ఒక మూలకు అందరినీ నెట్టింది సముద్రం కాదు, భోజనం వేళ. పోటును బట్టి బయలుదేరే వేళ మార్చుకునే నిర్వాహకులు అక్కడ ఉన్నారు. మధ్యాహ్నం బయలుదేరి, చీకటి పడ్డాక నీటిలో చెయ్యి ఆడిస్తే మెరిసే సూక్ష్మజీవులను చూపించి తీసుకువచ్చే యాత్రలు కూడా ఉన్నాయి. మాది అలాంటిది కాదని మాకు డబ్బు కట్టిన తర్వాతే తెలిసింది.

ధర సంగతి మాత్రం నన్ను ఆలోచింపజేసింది. ఉపాధ్యాయ దంపతులను బయట నిలబెట్టే హద్దు నాకూ వద్దు. అందుకే ధర పెంచి కాకుండా వేళలు పంచి హద్దు పెట్టాలని నా మాట సవరించుకుంటున్నాను. పొద్దున ఇన్ని, సాయంత్రం పోటుకు ఇన్ని అని అనుమతులు ఇస్తే, తీరం దాటి గారు చెప్పిన గైడు కూలి కూడా రెండు పూటలా ఉంటుంది.

ఇంకొక్క విషయం చెప్పాలి. మేము వరుసలో ఇరుక్కున్న ఆ కొన్ని నిమిషాలూ మా గైడు మా వైపు చూడలేదు. టార్చి వెలుగును గోడ మీద నీటి గీత దగ్గరే నిలిపి ఉంచాడు. ఆల్చిప్పల కింది అంచుకూ నీటికీ మధ్య ఎడం తగ్గుతోందని నాకు ఆ వెలుగులో కనిపించింది. అతను ఏమీ అనలేదు. నేను అమ్మకు చెప్పలేదు. పోటు ఎక్కుతున్న సొరంగంలో పదకొండో పడవ అవ్వడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఒక్క పడవ అడ్డం తిరిగితే మిగతా వారు ఎటు వెళ్తారు?

ఏరు (బెంగళూరు)

గైడు తెడ్డు వేస్తుంటే కూర్చుని రావడమే కయాకింగ్ అనుకుని అందరూ అక్కడికే వెళ్తున్నారు. థాయిలాండ్‌లోనే పక్కనున్న క్రాబీ వైపు ఆవ్ లుక్ దగ్గర మడ అడవుల్లో మనమే తెడ్డు వేసుకుంటూ గైడు వెంట వెళ్ళవచ్చు. అక్కడి పీ హువా తో గుహలో చరిత్రకు ముందు కాలపు మనుషులు గోడల మీద ఎర్ర రంగుతో వేసిన బొమ్మలు ఉన్నాయి. గత డిసెంబరులో మేము వెళ్ళిన రోజు మాతో పాటు ఇంకొక్క జట్టే ఉంది. ఫాంగ్ నా హాంగ్‌లకు హద్దు పెట్టాలా వద్దా అన్న చర్చలో, తెలుగువారిని ఒకే రేవుకు పంపుతున్న ప్యాకేజీల పాత్ర గురించి కూడా మాట్లాడాలి.

సున్నపురాయి (విశాఖపట్నం)

మడచెట్టు గారూ, చెయ్యి గోడ మీదికి ఎందుకు వెళ్తుందో మీరు చెప్పిన తీరును నేను ఒప్పుకుంటున్నాను. దాన్ని నేను క్రమశిక్షణ సమస్యగా చూశాను, మీరు స్థలం సమస్యగా చూపించారు. సంఖ్య అవసరమే. అయితే ఆ సంఖ్యను సొరంగం వెడల్పును బట్టి కాకుండా, లోపలి మడుగులో పడవలు ఒకదానికొకటి తగలకుండా తిరగగలిగే చోటును బట్టి నిర్ణయించాలి. ఒక్కో హాంగ్ వైశాల్యం ఒక్కో రకంగా ఉంటుంది, అన్నింటికీ ఒకే అంకె పెడితే చిన్నవి నలిగిపోతాయి.

ప్రయాణాల పని (హైదరాబాద్)

ఏరు గారి మాట నాకే తగిలిందని అర్థమైంది. ఆవ్ లుక్ వైపు నేను ఇప్పటి వరకు ఎవరినీ పంపలేదు, ఫుకెట్ నుంచి దూరం కావడమే కారణం. అధికారులు పెట్టే హద్దు చివరికి ధర మీదికే వస్తుందన్న నా భయం ఇంకా పోలేదు. వేళలు పంచినా మంచి వేళకు ఎక్కువ ధర అడుగుతారు. కాబట్టి హద్దు విషయంలో నేను ఇప్పటికీ మీ పక్షాన లేను.

భోజనం వేళ గురించి మీరు అడిగినదానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఈ పదేళ్ళలో ఒక్క కుటుంబానికి కూడా నేను పోటు వేళ చెప్పలేదు, నేను చూసుకోనూ లేదు. నిన్న అక్కడి మా నిర్వాహకునికి ఫోన్ చేసి, వచ్చే నెల మా జట్టు వెళ్ళే రోజున సొరంగం ఏ వేళకు తెరుచుకుంటుందని అడిగాను. మధ్యాహ్నం మూడు దాటాక అన్నాడు. మా బస్సు ఎనిమిదింటికి ఉంది. మార్చమన్నాను. భోజనం డబ్బు వాపసు రాదన్నాడు, రాకపోయినా మార్చమన్నాను. ఆ జట్టులో ఇద్దరు అరవై ఐదు దాటినవారు ఉన్నారు. పోటు ఎక్కేటప్పుడు కాకుండా దిగేటప్పుడు వారిని లోపలికి తీసుకువెళ్తే మేలా, లేక ఆ బురద వల్ల అదీ ప్రమాదమేనా? తీరం దాటి గారు అక్కడి గైడులను అడిగి చెబితే, టిక్కెట్లు ఖరారు చేసే ముందు వారికి ఆ విషయం కూడా చెబుతాను.

తీరం దాటి (ఫుకెట్)

అడిగాను. ఇరవై ఏళ్ళుగా ఇక్కడ తెడ్డు వేస్తున్న ఒక పెద్దాయన అన్నది ఇది: నీరు సగం దిగాక లోపలికి వెళ్ళకూడదు, దిగడం మొదలైన కొత్తలో వెళ్ళి త్వరగా రావాలి. పెద్దవాళ్ళను వరుసలో మొదటి పడవలో కూర్చోబెట్టాలి, వెనక ఎవరికి ఏమైనా వారి దారి తెరిచే ఉంటుంది. మీ వాళ్ళు వచ్చే తేదీ చెప్పండి, ఆయన ఆ రోజు ఖాళీగా ఉన్నాడేమో కనుక్కుంటాను.