అమ్మానాన్నలు, అత్తమ్మ, పిల్లలతో క్రూయిజ్: గదులు ఎలా తీసుకోవాలి?

మిర్యాలగూడ, ప్రస్తుతం డాలస్:

అందరికీ నమస్కారం. అమెరికాకు కొత్తగా వచ్చాను. డిసెంబర్ సెలవుల్లో అమ్మానాన్నలు, మా అత్తమ్మ ఇక్కడే ఉంటారు. గాల్వెస్టన్ రేవు నుంచి బయలుదేరి మెక్సికోలోని కొజుమెల్ వైపు వెళ్లే ఏడు రాత్రుల క్రూయిజ్, అంటే ఓడ యాత్ర, చేయాలని అనుకుంటున్నాము. మేమిద్దరం, తొమ్మిదేళ్ల పాప, మూడేళ్ల బాబు కలిపి మొత్తం ఏడుగురం. నాన్న మర్రిగూడ దగ్గరి పల్లెలో పెరిగారు. అక్కడి ఫ్లోరైడ్ బోరునీళ్ల వల్ల నడుము వంగదు, మోకాళ్లు బిగుసుకుపోయాయి. అమ్మకు సాగర్‌లో నాగార్జునకొండ లాంచీ ఎక్కితేనే కళ్లు తిరిగాయి. బుకింగ్ పేజీ తెరిస్తే లోపలి గది, కిటికీ గది, బాల్కనీ గది, సూట్ అంటూ నాలుగు రకాల ధరలు కనిపిస్తున్నాయి. "రాత్రి పడుకోవడానికే కదా, మాకు అన్నిటికన్నా చవకదే తీసుకో" అని అమ్మ ఫోనులో ఒకటే మాట. బాల్కనీ మేము తీసుకుని, పెద్దవాళ్లకు లోపలి గదులు తీసుకుంటే సరిపోతుందా? దయచేసి చెప్పండి.

వనపర్తి, ప్రస్తుతం హ్యూస్టన్:

తమ్ముడూ, సరిపోదు. నువ్వు అనుకున్నదాన్ని తలకిందులు చెయ్యి. బాల్కనీ పెద్దవాళ్లకు ఇవ్వు, లోపలి గది మీరు తీసుకోండి.

ఓడలో పగలు గదిలో ఎవరుంటారో ఆలోచించు. నువ్వూ మీ ఆవిడా పిల్లల వెంట ఈతకొలను దగ్గరో, ఆటల దగ్గరో తిరుగుతూ ఉంటారు. మీకు గది అంటే స్నానం, నిద్ర, అంతే. నాన్నగారు ఒకసారి భోజనశాలకు వెళ్లి వచ్చారంటే రెండు గంటలు నడుము వాల్చాలి. ఆ రెండు గంటలూ కిటికీ లేని గదిలో గడిస్తే అది సెలవు అనిపించుకోదు. లోపలి గదిలో దీపం ఆర్పితే పూర్తి చీకటి. తెల్లవారుజామున నాలుగున్నరకే లేచే అలవాటున్న మనిషికి పొద్దు పొడిచిందో లేదో తెలియదు. కొత్త చోట, నిద్రమత్తులో, ఊగే నేల మీద బాత్రూము వెతుక్కుంటూ పడిపోవడానికి అంతకన్నా అనువైన చోటు ఉండదు. మన పెద్దవాళ్లు జీవితమంతా అరుగు మీద, వాకిట్లో కూర్చుని బతికినవాళ్లు. బాల్కనీలో రెండు కుర్చీలు ఉంటాయి. పొద్దున టీ కప్పు పట్టుకుని అక్కడ కూర్చుంటే మీ అమ్మగారు మళ్లీ ఖర్చు మాట ఎత్తరు. తల్లిదండ్రులు చవకది చాలంటారు, అది వాళ్ల స్వభావం. ఆ మాట విని గది తీసుకోవడం మన పని కాదు.

మూడేళ్ల బాబుకు మాత్రం ఆ చీకటే మేలు. మధ్యాహ్నం హాయిగా నిద్రపోతాడు. పైగా బాల్కనీ గదిలో ఆ వయసు పిల్లవాడిని వదిలి క్షణం తల తిప్పలేము. కుర్చీ ఈడ్చుకుని కమ్మీ దగ్గరకు వెళ్తాడు. తాత గదికి వచ్చినప్పుడు బాల్కనీ తలుపు పైగడియ వేసే ఉంచండి, కుర్చీలు కమ్మీకి దూరంగా జరపండి. దీనిలో మొహమాటం వద్దు.

ఇక మనుషులను ఎలా సర్దాలన్నది చూద్దాం. అత్తమ్మను అమ్మానాన్నల గదిలో మూడో మనిషిగా వేద్దామని వెబ్‌సైటు చూపిస్తుంది, డబ్బు కూడా తగ్గుతుంది. వద్దు. వియ్యంకుడు ఉన్న గదిలో ఆమె వారం రోజులు బట్టలు మార్చుకోవడానికి కూడా ఇబ్బంది పడాలి. ఆమె నోరు తెరిచి చెప్పదు, నీ భార్య మనసులో పెట్టుకుంటుంది. పైగా మూడో పడక సాధారణంగా సోఫా మంచమో, పైకప్పు నుంచి దించి నిచ్చెనతో ఎక్కే పడకో అవుతుంది. ఆ వయసులో నిచ్చెన ఎక్కే ప్రశ్నే లేదు.

అత్తమ్మ ఒక్కరికే గది తీసుకుంటే మామూలుగా ఇద్దరి ధర కట్టాలి. ఎలాగూ ఇద్దరి ధర కడుతున్నప్పుడు పాపను ఆమెతో ఉంచు. మొదటి ఇద్దరి ధర వయసుతో సంబంధం లేకుండా పూర్తిగానే పడుతుంది, కాబట్టి పాప అక్కడ ఉండటం వల్ల నీకు పోయేది పెద్దగా లేదు. అమ్మమ్మకు రాత్రిపూట తోడు ఉంటుంది. మంచాలు కలిపి ఉంటే విడదీయమని ముందే రాయించు. ప్రతి గదిలోనూ పెద్దవారు ఒకరు ఉండాలన్న నిబంధన కూడా తీరుతుంది. ఆ కనీస వయసు చాలా కంపెనీల్లో 21, కొన్నింట్లో ఇంకా ఎక్కువ.

అంటే మూడు గదులు. అమ్మానాన్నలకు ఒక బాల్కనీ, దాని పక్కనే అత్తమ్మకు, పాపకు ఇంకో బాల్కనీ, వాటికి ఎదురుగా నడవా అవతల మీకు లోపలి గది. వియ్యంకులలో ఒకరికి సముద్రం, ఇంకొకరికి గోడ చూపించకూడదు. బడ్జెట్ చాలకపోతే ఇద్దరికీ కిటికీ గదులు తీసుకో, ఒకరిని తగ్గించకు. మధ్యలో తలుపు ఉండే జంట గదులు కొందరు అడుగుతారు. మీకు అవసరం లేదు. ఆ తలుపు సందుల్లోంచి అవతలి గదిలోని దగ్గు, టీవీ అన్నీ వినిపిస్తాయి. ఎదురు గది నీదే అయితే రాత్రి తలుపు తడితే రెండు అడుగుల్లో వస్తావు. అన్ని గదులకూ అదనపు తాళం కార్డులు అడిగి దగ్గర పెట్టుకో.

ఇప్పుడు అమ్మగారి కళ్లు తిరగడం. పెద్ద ఓడ లాంచీలాగా ఎగిరిపడదు కానీ ఊగుతుంది. శీతాకాలంలో ఉత్తరపు గాలి దిగినప్పుడు గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో అలలు పెరుగుతాయి, ముఖ్యంగా గాల్వెస్టన్ వదిలిన తొలి రాత్రి, తిరిగి వచ్చే రాత్రి. ముక్కు వైపు, తోక వైపు గదులు పైకీ కిందికీ ఎక్కువ కదులుతాయి. ఎంత పై అంతస్తు అయితే పక్కలకు ఊగడం అంత ఎక్కువ. దేవరకొండ బస్సులో చివరి సీటుకూ నడిమి సీటుకూ ఉన్న తేడాయే ఇది. కాబట్టి ఓడ పొడవులో సరిగ్గా నడిమిన, బాల్కనీలు ఉన్న అంతస్తుల్లో వీలైనంత కిందిది చూడు. దూరాన నీరూ ఆకాశమూ కలిసే గీతను చూస్తూ గాలి పీలిస్తే వికారం తగ్గుతుంది, అమ్మకు బాల్కనీ ఇమ్మనడానికి అది ఇంకో కారణం. మరీ కింద బాల్కనీలు కొన్నింటికి ఎదురుగా లైఫ్‌బోటు వేలాడుతూ చూపును కప్పేస్తుంది. ధర చిత్రంగా తక్కువ ఉంటే అదే కారణమై ఉంటుంది. వికారం మాత్రలు కొన్ని పెద్దవారికి మత్తు, తూలుడు తెస్తాయి. నాన్నగారి మందులన్నీ చూపించి, వైద్యుడిని అడిగే ఇవ్వండి.

గది నంబరు ఎంచుకునేటప్పుడు ఆ ఓడ డెక్ ప్లాను, అంటే ఏ అంతస్తులో ఏముందో చూపే పటం తెరిచి, ఆ గదికి సరిగ్గా పైన, సరిగ్గా కింద ఏముందో చూడు. పైన ఈతకొలను ఉంటే తెల్లవారకముందే కుర్చీలు ఈడ్చే చప్పుడు వినాలి. కింద నాటకశాలో, డ్యాన్సుల హాలో ఉంటే అర్ధరాత్రి దాకా నిద్ర ఉండదు. పైనా కిందా గదులే ఉన్న చోటు ఉత్తమం. లిఫ్టుకు దగ్గరగా ఉండాలి, కానీ ఎదురుగా వద్దు. పెద్ద ఓడలు మూడు వందల మీటర్లకు పైగా పొడవుంటాయి. చివరి గది నుంచి భోజనశాలకు రోజుకు మూడుసార్లు నడవడం నాన్నగారి మోకాళ్లతో అయ్యే పని కాదు.

ఇంకొక మాట. "గ్యారంటీ" అని తక్కువ ధరకు చూపిస్తారు. అందులో గది రకం మాత్రమే నీది, చోటు కంపెనీ ఇష్టం. మూడు గదులూ మూడు అంతస్తుల్లో పడవచ్చు. పెళ్లికాని కుర్రాళ్లకు బాగుంటుంది, మీకు కాదు.

సూర్యాపేట, ప్రస్తుతం అట్లాంటా:

అక్క చెప్పినవన్నీ నిజమే. నేను బాత్రూము గురించి చెప్పాలి. మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు పెద్దవాళ్ల నడుములు ఎలా ఉంటాయో నాకు ఇంట్లోనే తెలుసు. మామూలు గదిలో బాత్రూముకు అడ్డంగా గడప ఎత్తుగా ఉంటుంది, స్నానం చేసే చోటు ఒక మనిషి తిరగడానికే ఇరుకు. వంగలేని మనిషి అక్కడ సబ్బు జారవిడిస్తే తీసుకోలేడు. పెద్ద ఓడల్లో శారీరక ఇబ్బంది ఉన్నవారి కోసం కొన్ని గదులు ఉంటాయి. వెడల్పు తలుపు, గడప లేని బాత్రూము, గోడకు పట్టుకునే కడ్డీలు, కూర్చుని స్నానం చేసే బల్ల ఉంటాయి. అవి నిజంగా అవసరమున్నవారికే ఇస్తారు, అవసరం ఏమిటో రాసి ఫారం నింపాలి. నాన్నగారికి ఖచ్చితంగా వర్తిస్తుంది. మొహమాటపడి "ఆయన నడుస్తారు" అని రాయవద్దు. కొన్నే ఉంటాయి కాబట్టి ముందుగా అయిపోతాయి. ఈ గది దొరికిన చోటును బట్టి మిగతా రెండు గదులు ఎంచుకోండి, తిరగేసి కాదు. దొరకకపోతే మామూలు గదికే స్నానపు బల్ల అడగండి, చాలా కంపెనీలు ఇస్తాయి.

నీళ్ల మగ్గు ఒకటి పెట్టెలో పెట్టుకోండి. ఓడలో అంతా కాగితమే. మన పెద్దవాళ్లు ఈ ఒక్క విషయానికే తిండి తగ్గించేస్తారు.

ఓడ ఎక్కడెక్కడ ఆగుతుందో కూడా చూడండి. కొజుమెల్‌లో, కోస్టా మాయాలో, రోవటాన్‌లో ఓడ రేవుకు ఆనుకుని నిలుస్తుంది, ర్యాంపు మీద దిగిపోవచ్చు. బెలీజ్ సిటీ దగ్గర లోతు లేక ఓడ సముద్రంలోనే ఆగుతుంది, చిన్న పడవలోకి దిగి ఒడ్డుకు వెళ్లాలి. అమ్మకూ నాన్నకూ అది కష్టం. ఆ రోజు వాళ్లు ఓడలోనే ఉంటారని ముందే అనుకుంటే అక్క చెప్పిన బాల్కనీ విలువ ఇంకా తెలుస్తుంది.

కల్వకుర్తి, ప్రస్తుతం చికాగో:

నాది వేరే అభిప్రాయం. రెండు బాల్కనీల డబ్బుతో ఇంకో యాత్ర అవుతుంది. ఓడలో కూర్చోవడానికి ఎన్ని చోట్లు లేవు? అందరికీ లోపలి గదులు తీసుకుని, మిగిలిన డబ్బు రేవులో మంచి కారుకు పెట్టండి.

వనపర్తి, ప్రస్తుతం హ్యూస్టన్:

కల్వకుర్తి తమ్ముడూ, నడవగలిగినవాళ్లకు నీ మాట సరైనదే, మా అందరిలో చాలామంది అలాగే వెళ్తారు. కానీ ఓడలో కూర్చునే చోట్లన్నిటికీ నడిచి వెళ్లాలి, లిఫ్టు కోసం నిలబడాలి, జనంలో కుర్చీ వెతకాలి. నడుము వంగని మనిషికి మంచం నుంచి నాలుగు అడుగుల్లో ఉన్న కుర్చీయే పనికివస్తుంది. ఖర్చు తగ్గించాలంటే ఏడు రాత్రులను ఐదు చెయ్యి, గదిని తగ్గించకు. టిప్పులు మనిషికి రోజుకు ఇంత అని వేరుగా పడతాయి, ఏడుగురికి లెక్క వేస్తే రెండు రాత్రులు తగ్గడం చిన్న విషయం కాదు.

మిర్యాలగూడ, ప్రస్తుతం డాలస్:

అక్కా, అన్నా, చాలా కృతజ్ఞతలు. ఐదు రాత్రులే చూస్తాను. అమ్మకు ఇన్సులిన్ ఉంది. అన్నం కుక్కర్, ఆవకాయ తీసుకెళ్లవచ్చా? వీసాల సంగతి ఏమిటి?

వనపర్తి, ప్రస్తుతం హ్యూస్టన్:

కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె ఏవీ ఎక్కనివ్వరు, నిప్పు భయం. ఇంట్లో వండినవి ఒప్పుకోరు, సీలు ఉన్న ప్యాకెట్లు సాధారణంగా రానిస్తారు. భారతీయ శాకాహార భోజనం కావాలని బుకింగ్‌లో రాయించి, తొలి రాత్రే భోజనశాల పెద్దతో మాట్లాడు. అన్నం, పప్పు మర్నాటికి చేయిస్తారు. మూడు బుకింగులనూ కలిపించి, ఒకే బల్ల, తొందర భోజన సమయం అడుగు. ఇన్సులిన్‌కు గదిలోని చిన్న ఫ్రిజ్ చల్లదనాన్ని నమ్మకు. మందుల ఫ్రిజ్, సూదులు వేసే డబ్బా కావాలని ముందే రాసి పెట్టు.

అమ్మానాన్నలకు, అత్తమ్మకు చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే మెక్సికోకు వేరే వీసా అక్కర్లేదు. తిరిగి రావడానికి అదే వీసా కావాలి కాబట్టి అది ఒకసారికి ఇచ్చినదా, చాలాసార్లకు ఇచ్చినదా చూడు. నీది హెచ్-1బి ఉద్యోగ వీసా అయితే దాని స్టాంపు గడువు కూడా చూసుకో, గడువు దాటితే డబ్బు కట్టే ముందే లాయరును అడుగు. ఎవరైనా అలాస్కా బాగుంటుందని మనసు మారిస్తే జాగ్రత్త. సియాటిల్ నుంచి వెళ్లే ఓడలు 1886 నాటి అమెరికా చట్టం వల్ల విదేశీ రేవులో ఒకసారి ఆగాలి, ఎక్కువగా కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి. మన పాస్‌పోర్టుకు కెనడా వీసా కావాలి.

పెద్దవాళ్ల ఆరోగ్య బీమా కాగితం తీసి, సముద్రం మీద వర్తిస్తుందా, ఓడ నుంచి ఆసుపత్రికి తరలించే ఖర్చు ఇస్తుందా అని రెండు ప్రశ్నలు రాతపూర్వకంగా అడుగు. ముందుగా ఓడ పేరు, తేదీలు ఇక్కడ పెట్టు. డెక్ ప్లాను చూసి గది నంబర్లు నేనూ, సూర్యాపేట తమ్ముడూ కలిసి చెబుతాము.