ఎఫ్‌ఓఐఏ (అమెరికా సమాచార హక్కు చట్టం) గడువు దాటినా జవాబు లేదు, ముందు ఎక్కడికి వెళ్లాలి?

మా కాలనీ పక్క హైవే వెడల్పు చేస్తున్నారు. ఆ పనికి చేసిన శబ్ద కాలుష్య అధ్యయనం కావాలని ఒక ఫెడరల్ శాఖకు ఎఫ్‌ఓఐఏ కింద మార్చి 3న ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాను. ఒకే రిపోర్టు, దాని అనుబంధాలు, అంతే. ఫీజు 25 డాలర్ల దాకా కడతానని అందులోనే రాశాను.

మార్చి 5న ట్రాకింగ్ నంబర్ వచ్చింది. 20 పనిదినాల గడువు మార్చి 31తో అయిపోయింది. సరిగ్గా ఆ రోజే, ఇంకో 10 పనిదినాలు కావాలని లెటర్ పంపారు. అది ఏప్రిల్ 14తో తీరింది. జూన్ వచ్చింది, స్టేటస్ పేజీలో ఇంకా 'ప్రాసెసింగ్' అనే ఉంది. పోయిన వారం మాత్రం 'మీకు ఇంకా ఈ రికార్డులు కావాలా?' అని మెయిల్ వచ్చింది. చదవగానే కడుపు మండింది. కావాలని అదే రోజు జవాబిచ్చాను.

ఆ శాఖ పబ్లిక్ లయజాన్‌కు (దరఖాస్తుదారులకు సాయపడే అధికారికి) మూడు మెయిళ్లు పెట్టాను, రెండుసార్లు వాయిస్ మెసేజ్ వదిలాను. మా కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసులో నా తరఫున శాఖను అడిగేందుకు అనుమతిస్తూ ప్రైవసీ ఫారం సంతకం చేసి ఇచ్చాను. వాళ్లకూ జవాబు రాలేదట. మన దగ్గర ఆర్టీఐలో 30 రోజులు దాటితే నేరుగా మొదటి అప్పీలుకు వెళ్తాం. ఇక్కడ ఇస్తామనీ, ఇవ్వమనీ చెప్పకపోవడంతో దేనిమీద అప్పీలు చేయాలో తెలియడం లేదు. రోడ్డు పనులేమో మొదలైపోతున్నాయి.

ఇలాంటి స్థితిలో నేషనల్ ఆర్కైవ్స్‌లోని ఓజిస్ (ఎఫ్‌ఓఐఏ వివాదాల్లో మధ్యవర్తిగా ఉండే ఆఫీసు) మధ్యవర్తిత్వానికి వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి: దానివల్ల రికార్డులు కదిలాయా, లేక నేరుగా ఫెడరల్ కోర్టులో దావా వేయడమే మేలా?