మా చెరువుని ట్యాంక్ అని ఎందుకు రాస్తారు?

చంద్రగిరి రైతుబిడ్డ:
మాది చంద్రగిరి పక్కన చిన్న పల్లె. మా నాన్న ముప్పై ఏళ్లు చెరువు నీరుగట్టిగా చేశాడు. తూము తీయడం, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూడడం ఆయన పని. మొన్న చెరువు నిండి మరవ (ఎక్కువైన నీళ్లు బయటికి పోయే చోటు) పారుతోందంటే ఏడో తరగతి చదివే మా పాపని తీసుకెళ్లాను. కట్ట మీద బోర్డులో ఇంగ్లీషులో 'ట్యాంక్' అని ఉంది. "ట్యాంక్ అంటే మిద్దె మీద ఉండేది కదా నాన్నా, యుద్ధంలో కూడా ఉంటుంది కదా, మరి చెరువుకెందుకు ఆ పేరు?" అంది. నాకు తెలియలేదు. అంత చెరువుకి తొట్టి పేరు పెట్టారే అని బాధేసింది.

పుత్తూరు పిల్లోడు:
ఇరిగేషన్ కాగితాల్లో అన్నిటికీ అంతే అన్నా. మా ఊరి కుంటని కూడా ట్యాంకే అంటారు.

కట్టమంచి మాస్టారు:
బాధపడకండి, వరస మీరనుకున్నదానికి తిరగబడి ఉంది. ఇంగ్లీషులో ఆ మాట ముందు నీళ్లు నిలిచే చెరువుకే, తొట్టికి తర్వాతే వచ్చింది. గుజరాతీలో టాంకుఁ అంటే నేల తవ్వి కట్టుకున్న నీటి తొట్టి. అహ్మదాబాదు పాత ఇళ్లలో వాకిలి కింద ఇప్పటికీ ఉన్నాయి, వాననీళ్లు పట్టుకోడానికి. పోర్చుగీసువాళ్లకీ చెరువుని తాంకె అనే అలవాటుంది. 1600 తర్వాత ఇక్కడికొచ్చిన ఇంగ్లీషువాళ్లు ఆ మాటలు విని మన చెరువులని ట్యాంక్ అని రాసుకున్నారు. హైదరాబాదు ట్యాంక్ బండ్ కూడా చెరువు కట్టే.

యుద్ధం ట్యాంక్ సంగతి పాపకి తప్పకుండా చెప్పండి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండ్‌లోని లింకన్ ఊళ్లో ఆ బండ్లు తయారుచేస్తూ, గుట్టు బయటపడకుండా నీళ్లు మోసే తొట్లని చెప్పారు. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులో సోమ్ దగ్గర మొదటిసారి యుద్ధంలోకి దించారు. గుట్టు కోసం పెట్టిన పేరే నిలిచిపోయింది.

నాకు కష్టంగా ఉండేది ఇంకొకటి. మనకి చెరువు వేరు, కుంట వేరు, మెట్లున్న కోనేరు వేరు. ఇంగ్లీషు కాగితంలో అన్నీ ట్యాంకే. పేరూరు చెరువూ తిరుమల పుష్కరిణీ ఒకటే మాటలో పడిపోతాయి.

చంద్రగిరి రైతుబిడ్డ:
చాలా థాంక్స్ మాస్టారూ. పాపకి చదివి వినిపించాను. రాత్రి తాతని కూర్చోబెట్టి చుట్టుపక్కల చెరువుల పేర్లు, కుంటల పేర్లు రాసుకుంది. పద్నాలుగు వచ్చాయి. అందులో ఆరు ఇప్పుడు ఇళ్ల స్థలాలు.