గుంటూరు హాస్టల్ నుంచి బెజవాడ: ఒక్క శనివారంలో ఏమేం చూడొచ్చు?

బ్రాడీపేట_హాస్టల్:
అందరికీ నమస్కారం అండి. గుంటూరులో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను, మాది వినుకొండ వైపు. బెజవాడ మీదుగా రైల్లో వెళ్ళడమే తప్ప ఊళ్ళో దిగింది లేదు. వచ్చే రెండో శనివారం ముగ్గురం అమ్మాయిలం పొద్దున్నే బయల్దేరి సాయంత్రం ఏడున్నరకల్లా హాస్టల్లో ఉండాలి. మనిషికి ఐదొందలు దాటకూడదు. దుర్గమ్మ గుడి, భవానీ ద్వీపం, ఉండవల్లి, గాంధీ కొండ, మ్యూజియం, బీసెంట్ రోడ్డు అని రాసుకున్నాం. అన్నీ అవుతాయా? మీరు వెళ్ళినప్పుడు ఎలా చేశారో చెప్పండి.

తాడేపల్లి_శ్రీను:
అన్నీ కావు చెల్లీ. ముందు ఒకటి గమనించు, ఉండవల్లి కృష్ణకి ఇవతల, మన గుంటూరు వైపే ఉంది. చాలామంది తిన్నగా బెజవాడ బస్టాండ్‌లో దిగి, మళ్ళీ నది దాటి వెనక్కి ఉండవల్లి వస్తారు. ఆటో డబ్బులు, టైమూ రెండూ దండగ. తాడేపల్లిలో దిగి ఆటోలో ముందు గుహలు చూసుకోండి. అక్కణ్ణుంచి సీతానగరం వచ్చి ప్రకాశం బ్యారేజీ మీదుగా బెజవాడలోకి వెళ్ళండి.

వన్‌టౌన్_వాసి:
శ్రీను గారు చెప్పిన దారే మంచిది. కాకపోతే కార్తీకం, పైగా సెలవు. కొండమీద క్యూలో ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. అమ్మవారి దర్శనమే ముఖ్యమనుకుంటే తెల్లవారుజామున గుడికి వెళ్ళి మిగతావి తగ్గించుకోండి. లేదంటే ఈసారికి కింద నుంచే దణ్ణం పెట్టుకుని, మామూలు రోజుల్లో ఇంకోసారి రండి. మధ్యాహ్నం ఎండలో క్యూలో నిలబడి, ఆ తర్వాత మ్యూజియం చూసే ఓపిక ఎవరికీ మిగలదు.

నల్లపాడు_లక్ష్మి:
అమ్మాయిలే కాబట్టి ముగ్గురూ ఆధార్ కార్డు పెట్టుకోండమ్మా. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకి టికెట్ లేదు. నాన్‌స్టాప్‌కి అది వర్తించదు, ఎక్కేముందు కండక్టర్‌ని అడగండి. ఆ మిగిలిన డబ్బులు ఆటోలకీ తిండికీ సరిపోతాయి.

హిస్టరీ_మేడమ్:
ఉండవల్లి గురించి నాలుగు మాటలు. పిల్లల్ని తీసుకెళ్ళిన ప్రతిసారీ వాళ్ళు కింద నిలబడి ఫోటోలు దిగి, అయిపోయిందంటారు. అసలు సంగతి పైన ఉంది. నాలుగంతస్తులుగా కొండనే తొలిచారు. నాలుగు, ఐదు శతాబ్దాల నాటి పని అని చెబుతారు, విష్ణుకుండిన రాజుల పేరు చెప్పుకుంటారు. మెట్లెక్కి లోపలికి వెళ్తే అనంతశయనుడు గది పొడుగునా పడుకుని ఉంటాడు. బయటి ఎండలోంచి వెళ్తారు కాబట్టి మొదట ఏమీ కనపడదు. కాస్సేపు ఆగండి. ముందు ఆదిశేషుడి పడగలు, తర్వాత స్వామి ముఖం తెలుస్తాయి. పాదాల దగ్గర మధుకైటభులనే రాక్షసులు ఉంటారు, వాళ్ళని చూడకుండా రావద్దు. బయట వసారా అంచున ఋషుల బొమ్మలూ సింహాలూ కూర్చుని పొలాల వైపు చూస్తుంటాయి. తొమ్మిదిలోపు వెళ్తే జనం ఉండరు, రాయి కూడా కాలదు.

బ్రాడీపేట_హాస్టల్:
చాలా థ్యాంక్స్ మేడమ్. మధుకైటభుల సంగతి మాకసలు తెలీదు. మరి భవానీ ద్వీపం?

కృష్ణలంక_కుర్రాడు:
పడవ కోసం వెయిటింగ్, వెళ్ళిరావడం కలిపి సగం రోజు పోతుంది అక్కా. నీళ్ళు ఎక్కువగా వదిలిన రోజుల్లో పడవలే ఆపేస్తారు. దానికి బదులు బ్యారేజీ మీద నడవండి. 1,223 మీటర్లు, మెల్లగా నడిచినా అరగంట. ఎగువన నిండుగా నీళ్ళు, దిగువన ఇసుక మేటలు. కిందకి చూస్తే గేట్లు, వాటి పక్కన గేట్లు ఎత్తడానికి సాయపడే బరువులు, అంటే కాంక్రీటు కౌంటర్ వెయిట్లు కనిపిస్తాయి. 2024 సెప్టెంబరు వరదకి పడవలు కొట్టుకొచ్చి గుద్దుకుని విరిగింది అవే. ఆ రోజు 11.43 లక్షల క్యూసెక్కులు వెళ్ళింది, బ్యారేజీ కట్టాక అంత ఎప్పుడూ రాలేదు. మా కృష్ణలంకలో నది ఒడ్డున కట్టిన రిటైనింగ్ వాల్ వల్ల చాలా ఇళ్ళు బతికిపోయాయి. సింగ్‌నగర్ వాళ్ళు మాత్రం బుడమేరు వాగు నీళ్ళలో రోజుల తరబడి ఉండిపోయారు. నది అందంగా ఉందని ఫోటో తీసుకునేవాళ్ళకి ఇది కూడా తెలియాలని నా కోరిక.

వన్‌టౌన్_వాసి:
బాగా చెప్పావు బాబూ. దీనికి ముందు ఇక్కడ 1855 నాటి ఆనకట్ట ఉండేది. 1952 వరదకి అది దెబ్బతిన్నాకే 1957లో ఈ బ్యారేజీ వచ్చింది. డెల్టాలో మన తాతలు తిన్న అన్నం ఈ నీళ్ళతో పండిందే.

ఇక నా ఓటు బందరు రోడ్డులోని బాపు మ్యూజియానికి. పాత పేరు విక్టోరియా జూబిలీ మ్యూజియం. 1921లో బెజవాడలో కాంగ్రెస్ సమావేశాలు జరిగినప్పుడు పింగళి వెంకయ్య గారు జెండాని గాంధీజీకి అందించింది ఇక్కడే. మొదట అందులో ఎరుపు, ఆకుపచ్చ మాత్రమే ఉండేవి. తెలుపు తర్వాత చేరింది. స్కూల్లో రోజూ దణ్ణం పెట్టిన జెండా కథ మన ఊళ్ళో మొదలైందని తెలిసి ఆ మెట్లమీద నిలబడితే ఒళ్ళు పులకరిస్తుంది. లోపల అల్లూరు బుద్ధుణ్ణి చూడండి, నిలువెత్తు తెల్ల సున్నపురాయి విగ్రహం. అమరావతి శిల్పాలు చూడ్డానికి చెన్నై దాకా, లండన్ దాకా పోతారు, పక్క ఊళ్ళో ఉన్న ఈయన్ని చూసేవాళ్ళు తక్కువ. మధ్యాహ్నం ఎండ వేళకి ఇంతకంటే మంచి చోటు లేదు.

బ్రాడీపేట_హాస్టల్:
అంకుల్, అంబేడ్కర్ విగ్రహం అక్కడికి దగ్గరేనా?

వన్‌టౌన్_వాసి:
దగ్గరేనమ్మా, అదే బందరు రోడ్డు, స్వరాజ్ మైదానంలో. విగ్రహం 125 అడుగులు, కింద పీఠం 81 అడుగులు. 2024 జనవరిలో తెరిచారు. ఎండ తగ్గాక వెళ్ళండి, పీఠం చుట్టూ నడవాల్సింది చాలా ఉంది.

నల్లపాడు_లక్ష్మి:
తిండి సంగతి ఎవరూ చెప్పలేదేం! గాంధీనగర్లో బాబాయ్ హోటల్ ఇడ్లీ, పైన వెన్న. మీరు ఉండవల్లి ముందు పెట్టుకుంటే టిఫిన్ వేళకి అందదు. గుంటూరులోనే తినేసి బయల్దేరండి, ఖాళీ కడుపుతో ఆ మెట్లు ఎక్కొద్దు. మధ్యాహ్నం గవర్నర్‌పేటలో ఏదో ఒక మెస్‌లో భోజనం చేయండి.

హిస్టరీ_మేడమ్:
గవర్నర్‌పేట దాకా వెళ్తే ఏలూరు రోడ్డులో పుస్తకాల షాపులకి ఒక గంట ఇవ్వండి. శనివారం పెట్టుకోవడం మంచిదైంది, ఆదివారం అన్నీ తెరిచి ఉంటాయన్న నమ్మకం లేదు. బీసెంట్ రోడ్డు పక్కనే. క్లిప్పులూ చున్నీలూ కొనుక్కోండి, తప్పేం లేదు, పుస్తకాల తర్వాత మాత్రం.

బ్రాడీపేట_హాస్టల్:
అయితే ఇలా అనుకున్నాం. ఏడింటి బస్సు, ఉండవల్లి, బ్యారేజీ మీద నడక, కింద నుంచి అమ్మవారికి దణ్ణం, భోజనం, పుస్తకాలు, మ్యూజియం, విగ్రహం, టైముంటే చివర్లో బీసెంట్ రోడ్డు. భవానీ ద్వీపం, గాంధీ కొండ తీసేశాం. గుడికి సంక్రాంతి తర్వాత అమ్మతో వస్తాను. తిరుగు బస్సు ఎన్నింటికి ఎక్కాలి?

తాడేపల్లి_శ్రీను:
ఐదున్నరకల్లా బస్టాండ్‌లో ఉండు. సెలవురోజు సాయంత్రం కృష్ణ మీది వారధిపై బండ్లు ఆగిపోతాయి, ఆరు దాటితే ఏడున్నర మాట మర్చిపోవాలి. విగ్రహం దగ్గర ఆలస్యమయ్యేలా ఉంటే బీసెంట్ రోడ్డు మానేయండి, మ్యూజియం మాత్రం మానొద్దు.